దూప తీరని ఎలుకలు

సిరిసిల్ల మరమగ్గాల దగ్గర పన్నెండేళ్లు నూలు కండెలు చుట్టిన కోమల, కరీంనగర్ శివారులోని ఒక పరిశోధనశాలలో ఎలుకల గది చూసుకునే పనికి కుదిరి నాలుగేళ్లయింది. ఆ గదిలో చివరి వరుస ఎలుకలంటే ఆమెకు మొదటినుంచీ గుబులే. వాటిది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒంట్లో నీరు నిలుపుకోమని మెదడు హార్మోన్ పంపుతూనే ఉంటుంది, మూత్రపిండాలు మాత్రం పట్టించుకోవు. పరిశోధకురాలు సృజన అదే హార్మోన్ సూదితో ఎక్కించి చూసినా మూత్రం నీళ్లలాగే పోయేది. ఎంత తాగినా వాటి దూప, ఆ దాహం, తీరదు; రోజూ తమ బరువుకు మించి నీళ్లు తాగితేనే అవి బతుకుతాయి.

ఆగస్టులో ఒక ఆదివారం తెల్లవారేసరికి వాన ముంచెత్తింది. కోమల ఊరి వాగు వంతెన మీంచి పారుతోంది. బస్సుల్లేవు. ఎలుకల నీళ్ల సీసాలు నింపింది నిన్న సాయంత్రం; చివరి వరుసవి పొద్దునకల్లా అయిపోతాయి. గాబరాగా వాచ్‌మన్ నాగయ్యకు ఫోన్ చేసింది.

"అన్నా, జర కిటికీలకెల్లి చూడు. చివరి వరుస సీసాలల్ల నీళ్లున్నయా?"

"ఏం కనవడ్తలేదు చెల్లె. తాళంచెవులు నీ దగ్గర, మేడం దగ్గరనే ఉన్నయి గద. మేడమేమో హైదరాబాద్ పోయింది."

"తాళం పలగ్గొట్టన్నా!"

"నా నౌకరి పోతది. మేడంతోని చెప్పియ్యి."

సృజన ఫోన్ కలవలేదు. ఖాళీ సీసాల మూతులు నాకుతున్న ఎలుకలే కోమల కళ్లముందు మెదిలాయి. చివరికి పక్కింటి రాజం ట్రాక్టరెక్కి, ఊళ్లన్నీ చుట్టి, మధ్యాహ్నం రెండింటికి చేరింది.

మామూలు ఎలుకల సీసాల్లో నీళ్లు సగానికి పైగా ఉన్నాయి. జబ్బువాటివి ఆరుకు ఆరూ ఖాళీ. నిండు సీసాలు పెడుతుంటే నాలుగు ఎలుకలు ఎగబడ్డాయి. ఐదోది లేవలేదు. సూదిలేని సిరంజితో చుక్కచుక్కగా నోట్లో పోస్తూ గంటసేపు కూర్చుంటే కదిలింది. ఆరోది అప్పటికే చల్లబడిపోయింది.

మర్నాడు సృజన రాగానే కోమల దాచకుండా చెప్పేసింది.

"తప్పు నాదే మేడం. శనివారం ఆకాశంల మొగులు చూసి గూడ రెండో సీసా పెట్టలే. నన్ను తీసేస్తరా?"

సృజన ఆరో ఎలుక ఉన్న డబ్బాను వరుసలోంచి పక్కకు తీసింది. "రెండు సీసాలుండాలని రాసిపెట్టనిది నేనే అక్కా. ఇగ నాగయ్యకు గూడ ఒక తాళంచెవి ఇద్దాం."

చనిపోయిన ఎలుకకు నెలరోజుల పిల్లలు నాలుగున్నాయి. ఏది తల్లి జబ్బుతో పుట్టిందో తెలుసుకోవడానికి వేరువేరు డబ్బాల్లో పెట్టారు. రోజూ పొద్దున్నే కోమల డబ్బాల అడుగున పరిచిన పొట్టు ఎక్కడైనా మూత్రంతో నానిందేమోనని భయంభయంగా దాని కింద చెయ్యిపెట్టి చూసేది. శుక్రవారం మూడో డబ్బాలో అరచెయ్యంతా తడిసింది. వెళ్లి ఆ డబ్బాకు ఇంకో సీసా నింపుకొచ్చింది.