కనిపెట్టుడు కిందికి రాదంట

రైలు వికారాబాద్ దాటాక ఎదుటి సీటులో ఉన్నామె ఫోన్‌ని ఒళ్లో బోర్లించి నాతో మాట కలిపింది. హైదరాబాద్‌లో ప్రోగ్రాములు రాస్తుందట. తను రాసిన రెంటికి కంపెనీ పేటెంట్ అడిగిందట.

"గుండెపోటును ముందే పసిగట్టేదానికి ఇయ్యలేదక్కా. రోగం చెప్పుడు కనిపెట్టుడు కిందికి రాదంట. ఎవలకు ఏ యాడ్ చూపాల్నో చెప్పేదానికి ఇచ్చిన్రు. లోపల లెక్క రెంట్ల ఒక్కటే."

"మరి మొదటిది?"

"పేటెంట్ లేకుంటే పైసలెవలు వెడ్తరని కంపెనీవోళ్లు మూలకేసిన్రు."

ఆమె గొంతు పెంచలేదు. ఫోన్‌ని మాత్రం అరచేత్తో అదిమి పట్టుకుంది.

తాండూరులో ఆమె దిగిపోయాక నా ఫోన్ తెరిచాను. జీవిత బీమా ప్రకటన. నా ఛాతీ నొప్పి సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ముందురోజు ఆ ఫోన్‌లోనే వెతికానంతే.

ఒళ్లు మండిపోయింది. పేటెంట్ వచ్చినది మాత్రం బాగానే పనిచేస్తోంది.