పెరట్లో పెట్టుకుంటానన్న రాయి

కాదనడం నాకు చేతకాదు. పెద్దవాళ్ళు అడిగితే మరీను. మన దగ్గర ఈ రోగంతో పెద్ద ఇబ్బంది లేదు. "సరే అత్తయ్యా, చూద్దాం" అన్నామంటే కుదరదనే అర్థమని అత్తయ్యకీ తెలుసు. ఈ జర్మనీ పల్లెలో అలా కాదు, సరే అంటే సరే. అది తెలిసి కూడా మాటిచ్చేశాను, అదీ ఒక సమాధి రాయి విషయంలో.

మా ఆయన రోజూ ఆఫీసుకని వాల్డార్ఫ్‌కి రైల్లో వెళ్ళివస్తాడు. అక్కడ ఇల్లు దొరక్క ఈ ఊళ్ళో ఒక ముసలావిడ ఇంటి పైభాగం అద్దెకు తీసుకున్నాం. కింద ఓనరమ్మ ఉండేది. ఇంటి వెనకే చర్చి, దాని చుట్టూ పాత సమాధులు. నాకప్పుడు ఆరో నెల. డాక్టరు నడవమంది. ఓనరమ్మ నీళ్ళ డబ్బా పట్టుకుని అటు వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళేదాన్ని. నా జర్మన్ బాగుపడింది ఆ రాళ్ళు చదివే. ఒకదాని మీద పేరు కింద 'రొట్టెల మేస్త్రీ' అని, ఇంకోదాని మీద 'బడి పంతులు' అని ఉండేది. చచ్చాక కూడా ఉద్యోగం వదలరేమిట్రా బాబూ అని నవ్వుకునేదాన్ని.

ఓనరమ్మ భర్త సమాధి గోడ వారగా ఉంది. నల్లరాయి, నా నడుమంత ఎత్తు. ఆయన పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. వాటి కింద ఆమె పేరు, పుట్టిన తేదీ, చిన్న గీత, ఆ తర్వాత ఖాళీ. బతికున్న మనిషి పేరు సమాధి మీద చూసి నాకు ఒళ్ళు జలదరించింది.

"అయ్యో, ఇదేంటండీ!" అన్నాను.

ఆమె తడిగుడ్డతో తన పేరు తుడుచుకుంటూ, "నేనెక్కడికి వెళ్ళాలో తెలిసి ఉండటం మంచిదే కదా" అంది.

ఆ చోటు కాస్తా పోయింది. గోడ కుంగుతోందని, ఆ వరస మొత్తం తీసేస్తామని చర్చి వాళ్ళ ఉత్తరం వచ్చింది. ఇక్కడ సమాధి జాగా కొన్నేళ్ళకే ఇస్తారు, గడువు ఇక పొడిగించరట. ఊరి బయట కొత్త శ్మశానంలో చిన్న పలకలకే అనుమతి. రాయి కావాలంటే ఇంటికి తీసుకెళ్ళచ్చు, లేదంటే పగలగొట్టించేస్తారు. ఆ నెలలోనే మోకాళ్ళు మొరాయించి ఓనరమ్మ వృద్ధాశ్రమానికి వెళ్ళాల్సి వచ్చింది. కింది భాగం, పెరడు మాకే అద్దెకిచ్చింది. ఒక్కతే కూతురు, మూడు గంటల దూరంలో ఉంటుంది. వెళ్ళేముందు ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఆ రాయిని ఈ పెరట్లో ఉంచుతారా?" అని అడిగింది.

తప్పకుండా అన్నాను. చుట్టూ పూలు కూడా వేస్తానని నా అంతట నేనే కలిపాను. ఎవరడిగారు నన్ను!

పురుడు పోయడానికి నల్గొండ నుంచి అమ్మ వచ్చింది. రాయి మాట చెవిన పడగానే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏం మాట్లాడుతున్నవే? కడుపుతోని ఉన్నదానివి, గోరీ రాయి తెచ్చి ఇంట్ల పెట్టుకుంటవా?"

"ఇంట్ల కాదమ్మా, పెరట్ల."

"పెరడు ఇల్లు కాదా? రేపు పోరగాణ్ణి దాని పక్కనే ఆడిపిస్తవా? నేనుండంగ కానియ్య."

మా ఆయన వైపు చూశాను. "మీరిద్దరు ఎట్లంటే అట్ల" అని లాప్‌టాప్ తెరిచాడు. ఆ లాప్‌టాప్‌ని పొయ్యిలో పెట్టాలనిపించింది.

కుదరదని చెబుదామని ఓనరమ్మకి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ భోంచేశారా, నిద్రపట్టిందా అని అడిగి పెట్టేశాను.

సమాధి రాయి తీసుకొచ్చిన మేస్త్రీ ట్రక్కు గేటు ముందు ఆపి ఎక్కడ దించాలని అడిగిన రోజు, అమ్మ గేటుకి అడ్డంగా నిలబడింది. జర్మన్ ఒక్క ముక్క రాదు. "వద్దు, తీస్కపో" అని చేతులూపుతూ ఏడుస్తోంది. అంతకుముందు ఒకసారి నాకు నాలుగో నెలలో కడుపు పోయిందని మేస్త్రీకి తెలియదు, అమ్మకి తెలుసు. భయం ఆమెదొక్కదానిదే అయితే వాదించేదాన్ని. నాకూ భయమేసింది. వెనక్కి తీసుకెళ్ళమన్నాను. అతను రెండుసార్లు అడిగి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు.

బాబు పుట్టాడు, క్షేమంగా. అమ్మ వెళ్ళిపోయింది. నెల ఆగి మేస్త్రీకి ఫోన్ చేస్తే, రాయి ఎప్పుడో పగలగొట్టేశామన్నాడు. ఓనరమ్మ మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేసి రాయి ఎలా ఉందని అడిగేది. బాగుందన్నాను. పూలు పూశాయన్నాను. ఏం పూలంటే నోటికొచ్చిన పేరు చెప్పాను. నా మీద నాకే అసహ్యం వేసేది, అయినా మరుసటి ఆదివారం అదే మాట.

పోయిన శనివారం ఆమె కూతురు ఫోన్ చేసింది, అమ్మని తీసుకొస్తున్నాను, అరగంటలో ఉంటామని. ఆ అరగంటలో నేనేం చెయ్యగలను? బాబుని ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను.

ఓనరమ్మ వచ్చి బాబు బుగ్గ తాకి, పట్టుకుని నడిచే చక్రాల బండి తోసుకుంటూ నేరుగా పెరట్లోకి నడిచింది. గడ్డి తప్ప ఏం లేదు. అటు చూసింది, ఇటు చూసింది.

"లేదండీ. నేను దించుకోలేదు" అన్నాను.

"పగలగొట్టేశారా?"

తలూపాను. తిట్టినా బాగుండేది.

"అప్పుడే కాదని చెప్పి ఉంటే మా అమ్మాయి తీసుకెళ్ళేది కదా. తనకీ పెరడుంది" అంది.

సంచిలోంచి కొత్త బ్రష్ ఒకటి తీసింది, అక్షరాల్లో మట్టి తోముదామని తెచ్చుకుందట. దాన్ని నా చేతిలో పెట్టి, "ఉంచండి, బాబు నడిచేటప్పుడు బూట్లకి పనికొస్తుంది" అంది.