కందనకాయలో రాళ్ళు

కోళ్ళషెడ్డు చూసుకునే మనిషిని చుట్టుపక్కల అందరూ బండరాయి అనేవారు. భార్య పోయి మూడు నెలలైనా కంట తడి పెట్టలేదు మరి. పెట్టకూడదని పంతమేం లేదు. రాలేదు, అంతే. ఏడుపేమన్నా పిలిస్తే వచ్చే చుట్టమా?

అక్క రోజూ క్యారేజీ తెచ్చి ఎదురుగా కూర్చునేది. గిన్నెలన్నీ ఖాళీ చేసేవాడు. అయినా చొక్కా రోజురోజుకీ వదులవుతూనే ఉంది.

"తిన్నదంతా ఎటు పోతోందిరా? ఒంటికి పట్టట్లేదే!"

"కోళ్ళకీ అంతేనక్కా," అన్నాడు, పక్కింటి సంగతి చెబుతున్నట్టు.

నిజమే. నాలుగు వందల కోళ్ళు తొట్లు ఖాళీ చేస్తూనే చిక్కిపోతున్నాయి. రెట్టలో జొన్నగింజలు ఎలా మింగినవి అలాగే పడుతున్నాయి. శనివారంలోగా కారణం తేలకపోతే అన్నిటినీ మాంసం కొట్టుకి తోలేస్తానన్నాడు యజమాని. అతను తలూపాడు. అవన్నీ అతని భార్య పిల్లలప్పటి నుంచి సాకినవి. అది గుర్తొచ్చినా లోపలేమీ కదల్లేదు. అందుకే అతనికి తనంటే భయం వేసింది.

శుక్రవారం పొద్దున పశువుల డాక్టరమ్మ వచ్చి, చచ్చిన కోడినొకదాన్ని బల్లమీద కోసింది. మెడ కింద మేత సంచి నిండా నానిన గింజలు. "ఇక్కడిదాకా బానే ఉంది," అంటూ కందనకాయని రెండుగా చీల్చింది. బిగిసి ఉండాల్సిన కండ మెత్తగా వేలాడింది. లోపల నలగని గింజలే, ఒక్క రాయీ లేదు.

"కోడికి పళ్ళుంటాయా? రాళ్ళే దాని పళ్ళు. గింజ ఇక్కడ నలిగితేనే పేగుల్లోకెళ్ళి రక్తంలో కలిసేది. లేకపోతే తిన్నా పస్తే. షెడ్లో కోడికి నేల తగలదు, రాళ్ళు మనమే వెయ్యాలి. వెయ్యట్లేదా?"

"రాళ్ళా? నేను జల్లెడ పట్టి మరీ తీసేస్తానండీ," అన్నాడు కాస్త గొప్పగా.

"అయితే ఇంతకుముందు ఎవరో వేసుంటారు. అవి అరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా పైకేమీ తెలీదు."

అతని చూపు మూలనున్న పాత డబ్బా మీద పడింది. ఆదివారాలు భార్య దాన్ని గలగలలాడిస్తూ షెడ్డంతా తిరిగేది. అన్నంలో రాయి తగిలి అతను కస్సుమంటే, "రాళ్ళు తిని అరాయించుకుంటాయి, నీకన్నా నా కోళ్ళే నయం," అని నవ్వేది. ఎగతాళి అనుకున్నాడు వెర్రిమాలోకం.

"ఎవరు మానేశారయ్యా?"

"మానలేదండీ. పోయింది."

డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. యజమానికి ఫోన్ చేసి, కోళ్ళని అమ్మొద్దని చెప్పి వెళ్ళిపోయింది.

అతను డబ్బా మూత తీశాడు. కడిగి ఆరబెట్టిన చిన్న రాళ్ళు, అడుగున నాలుగు గుప్పెళ్ళు. తొట్లలో చల్లగానే కోళ్ళు ఎగబడ్డాయి.

మధ్యాహ్నం అక్క వచ్చేసరికి ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"అయ్యో, ఏమైందిరా?"

"అది వేసిన రాళ్ళు అరిగిపోయాయక్కా."

అక్కకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. క్యారేజీ పక్కన పెట్టి, తమ్ముడి తల తన భుజానికి ఆనించుకుంది.