తెల్లదారం బీడీ

మొన్న సిరిసిల్లలో కాలేజీ పిల్లలకు గంజాయి గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. పిలవరా మరి? మరమగ్గాల షెడ్ల వెనక, మా సాంచాల చాటున పొట్లాలు అమ్మేవాళ్లను చేతికర్రతో తరిమినవాణ్ని. బడికి పోయింది తక్కువే అయినా, గ్రంథాలయంలో పేపర్లు, మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే చీటీలతో సహా చదివి నేర్చుకున్నవాణ్ని. మైకు చేతికొస్తే వదలనని మా ఇంట్లో నామీద ఫిర్యాదు కూడా ఉంది. ఆరోజూ బాగానే అందుకున్నాను. ఎదిగే వయసులో ఈ పొగ పట్టుకుంటే జ్ఞాపకం మొద్దుబారుతుందనీ, కొందరికి ఎవరో వెంటపడుతున్నట్టు, చెవిలో ఎవరో పిలుస్తున్నట్టు మతి చెదిరిపోతుందనీ, దేవుడి ప్రసాదమని పేరు పెట్టినంత మాత్రాన విషం అమృతం కాదనీ కోపంగానే చెప్పాను. అప్పుడు రెండో వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "తాతా, గది మందుకు గూడ పనికొస్తదంటరు గద, నిజమేనా?" అని అడిగింది. వెటకారం లేదు, తెలుసుకోవాలనే అడిగింది. నేను నీళ్ల సీసా అందుకున్నాను. జవాబు తెలియక కాదు. ఆ జవాబులో మా అక్క ఉంది.

మా అక్కను కోరుట్లకు ఇచ్చారు. అత్తవారికి మల్లాపూర్ దిక్కు కొంచెం పసుపు చేను ఉండేది, అది చేయిజారాక ఆ ఇంటికి బీడీల చాటే మిగిలింది. ఒడిలో చాట లేకుండా అక్కను నేను చూసింది తక్కువ. తడిబట్టలో చుట్టిపెట్టిన తునికాకు తీసి, కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి ఎర్రదారం కట్టేది. ఇదంతా మాటల మధ్యనే, చేతుల వైపు చూడకుండానే. నేను పోయినప్పుడల్లా చాటలోంచి అడగకుండా ఒక బీడీ తీసుకోవడం, ఆమె "కంపెనోడు అడిగితే నీ పేరే చెప్త" అనడం, అదే మా ఇద్దరికీ పలకరింపు. బీడీ తాగే నోటితో గంజాయి మీద ఉపన్యాసమేమిటని మీకు అనిపించవచ్చు. మా ఆవిడకు ఎప్పుడో అనిపించింది. అది వేరు, ఇది వేరు అని అప్పట్లో నా వాదం.

ఒక వానాకాలం అక్క కడుపులో కాన్సర్ అని తేలింది. నగరానికి తీసుకుపోయి మందు ఎక్కిస్తున్నారని తెలిసి, బత్తాయిలు కట్టుకుని కోరుట్ల బస్సెక్కాను. అక్క మంచంలో చిక్కి సగమై ఉంది. అయినా పక్కన చాట ఉంది. చాట ఉందంటే అక్క బాగానే ఉన్నట్టని నాకు నేనే తేల్చుకున్నాను. ఈమధ్య కొంచెం అన్నం తింటున్నదని ఆటో నడిపే మేనల్లుడు కూడా చెప్పాడు. ఇంకేం, ధైర్యం చెప్పే పని తొందరగా ముగించి సిరిసిల్ల సంగతులు మొదలుపెట్టాను. గంజాయి అమ్మేవాళ్లను ఎట్లా పట్టుకున్నానో, వాళ్లు వీధి మొగదాకా రాకముందే నేను ఆ వాసన ఎట్లా పసిగడతానో విస్తరించి చెప్పాను. అక్క "ఊఁ, ఊఁ" అంటూ దుప్పటి అంచు మడతపెట్టుకుంది. కాసేపటికి గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంది. నేను అలవాటుగా చాటలోంచి ఒక బీడీ తీసుకుని అరుగు మీదికి వచ్చాను. దారం తెల్లగా ఉంది. ఎర్ర ఉండ అయిపోయిందేమో అనుకున్నాను.

వాసన తెలియలేదా అంటే, ఆరోజు నాకు గట్టి పడిశం. సగం కాలేసరికి గుండె సాంచా ఆడినట్టు టకటక కొట్టుకోవడం మొదలైంది. లేచి నిలబడబోతే కళ్లు బైర్లు కమ్మి అరుగు పక్కనే కూలబడ్డాను. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మేనల్లుడు నన్ను ఆటోలో వేసుకుని జగిత్యాల దారి పట్టాడు. దారిలో వెనక్కి తిరిగి చూడకుండా అడిగాడు, "మామా, తెల్లదారందా తాగినవు?" అవునన్నాను. అప్పుడు చెప్పాడు, అది అమ్మ తనకోసం గంజాయి ఆకు కలిపి చుట్టుకున్న బీడీ అని. "ఎవలకు చెప్పకు మామా, అమ్మ ఇజ్జత్ పోతది" అన్నాడు.

ఆసుపత్రిలో చిన్నవయసు డాక్టరమ్మ నా ఛాతీకి వైర్లు తగిలించి, కాగితం చూసి ముఖం చిట్లించింది. "పెద్దాయనా, ఏమన్న తాగిండ్రా, నమిలిండ్రా? దాచకుండ చెప్పుండ్రి. నిజం తెలిస్తేనే ఏ సూది ఇయ్యాల్నో నాకు తెలుస్తది." సరిగ్గా అప్పుడే పక్క మంచం మీది మనిషి నన్ను గుర్తుపట్టాడు. "సిరిసిల్లల గంజాయి మీద మాట్లాడే పెద్దమనిషి గదా" అని తన భార్యకు చూపించాడు. నేను డాక్టరమ్మతో "బీడీ" అన్నాను. ఒక్క బీడీ అన్నాను. అక్క పరువు కోసం అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ క్షణాన అక్క నాకు గుర్తు కూడా లేదు, పక్క మంచమే గుర్తుంది.

గుండెపోటే కావచ్చు, కరీంనగర్ పంపాలంటూ డాక్టరమ్మ నర్సుకు ఏదో సూది సిద్ధం చేయమని చెబుతోంది. మేనల్లుడు బయటికి పోయి అమ్మకు ఫోన్ కలిపి తిరిగివచ్చాడు, స్పీకరు పెట్టి డాక్టరమ్మ చేతికిచ్చాడు. అక్క గొంతు సన్నగానే ఉన్నా గదిలో అందరికీ వినపడింది.

"అమ్మా, నేను ఆయన అక్కను. అండ్ల గంజాయి ఆకున్నది. నాకోసం నేనే చుట్టుకున్న. మా తమ్మునికి ఎరుక లేదు, ఆయనను ఏమనకుండ్రి."

ఎందుకు తాగుతున్నవని డాక్టరమ్మ అడిగింది. మందు ఎక్కించినంక వాంతులతోని ముద్ద దిగుతలేదని, నొప్పికి నిద్ర పడుతలేదని అక్క చెప్పింది. పసుపు చేను ఉన్న రోజుల్లో ఆమె మామ, మేత ముట్టని ఎడ్లకు ఆ ఆకు బెల్లంలో పెట్టేవాడట. "ఎడ్లు మళ్ల తినంగ నా కండ్లతోని చూసిన. నేను గూడ తింటనేమోననుకున్న."

డాక్టరమ్మ తిట్టలేదు. వాంతులు తగ్గడం, ఆకలి పుట్టడం కొందరిలో నిజమేననీ, కానీ చుట్టి తాగితే ఎంత లోపలికి పోతుందో ఎవరికీ అంచనా ఉండదనీ, వయసు మీదపడ్డవాళ్లకు గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఇట్లాగే వస్తాయనీ, తంబాకు పొగ చేసే చెరుపు ఉండనే ఉందనీ చెప్పింది. వాంతులకు, నొప్పికి వేరే గోళీలున్నాయంది. "నొప్పి ఉన్నదని మీ డాక్టరుకు చెప్పిండ్రా అమ్మా?"

"ఎవ్వలు అడుగలె బిడ్డా" అంది అక్క.

ఆ మాట నాకే తగిలింది. పొద్దున్నించి ఆమె మంచం పక్కన కూర్చుని నేను అడగనిది అదొక్కటే. పక్క మంచం మనిషి అటు తిరిగి పడుకున్నాడు, మర్యాదస్తుడు.

సాయంత్రానికి గుండె కుదుటపడింది. తెల్లవారేదాకా ఉండమన్నా వినకుండా సంతకం పెట్టి కోరుట్లకు వచ్చాను. నన్ను చూడగానే అక్క, "ఏమాయె తమ్మీ, వీధి మొగదాంక వాసన పడుతనంటివి" అంది. నవ్వితే కడుపు పట్టుకోవాల్సి వచ్చింది ఆమెకు. మంచం పట్టె మీద కూర్చుని, "నొప్పి ఎట్లున్నదక్కా?" అని అడిగాను. ఎక్కడ మొదలవుతుందో, ఏ పక్కకు తిరిగితే ఆగుతుందో, కొడుకుకు వినపడకుండా దుప్పటి ఎట్లా కొరుకుతుందో, అన్నీ చెప్పింది. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. జగిత్యాల డాక్టరమ్మ చీటీ రాసి పంపిన చోట వాంతులకు, నొప్పికి గోళీలిచ్చారు. చాటలో తెల్లదారం కనబడడం మానేసింది. కొన్నాళ్లు అక్క నిద్రపోయింది. పసుపు తవ్వకాలు మొదలుకాకముందే వెళ్లిపోయింది.

మొన్న ఆ అమ్మాయికి చివరికి జవాబు చెప్పాను. "నిజమే బిడ్డా, కొంత నిజం. ఎవలకు, ఎంత, ఎట్ల అన్నది డాక్టరు చెప్పాలె, నేను గాదు. సిగ్గుపడి దాస్తె మాత్రం మందు గూడ విషమే అయితది." పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మైకు కింద పెట్టాలనిపించింది. మాట్లాడుతూ గడిపిన ఏళ్లు ఎటు పోయాయో తెలియదు. అక్క చెబుతుంటే నోరు మూసుకుని విన్న ఆ సాయంత్రానికి మాత్రం నాలో ఇంకా పొద్దు గుంకలేదు.