బియ్యపుగింజంత మందు

పాపచ్చన్ నలభై ఏళ్ళు కేరళలోని కుట్టనాడు కాలువల్లో పడవ నడిపాడు. ఓణం పడవ పందేల్లో చుక్కాని ఆయనదే. అరవై ఎనిమిదో ఏట నడుము నొప్పి మొదలైతే, తెడ్డు వేసిన నడుమే కదా అని ఏడాదిపాటు నూనె రాసుకుని ఊరుకున్నాడు. చివరికి పరీక్షల్లో తేలింది: ప్రోస్టేట్ కేన్సర్. ఎముకల దాకా పాకింది.

"మగ హార్మోనే దానికి మేత. ఆ మేత ఆపాలి," అన్నాడు డాక్టరు. "వృషణాలు తీసేయాలి, లేదంటే మూడు నెలలకోసారి మందు పెట్టించుకోవాలి."

పాపచ్చన్ మందే కోరుకున్నాడు. పెట్టే నర్సుని నేనే. బియ్యపుగింజంత కడ్డీ. లావుపాటి సూదితో పొత్తికడుపు చర్మం కిందికి తోస్తే, రోజూ కొంచెం కొంచెం మందు వదులుతూ తనే కరిగిపోతుంది.

"మళ్ళీ కోసి తియ్యాలా, తల్లీ?"

"తియ్యడానికి ఏం మిగలదు చేట్టా," అన్నాను. మా వైపు అన్నని అలాగే పిలుస్తాం.

రెండు నెలలకి నొప్పి తగ్గింది. మళ్ళీ పడవ తాడు విప్పాడు. కానీ రెండో మోతాదుకి రాలేదు. వారం చూసి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వసారాలో చొక్కా లేకుండా విసురుకుంటూ కూర్చున్నాడు.

"ఇక వద్దమ్మా. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు. చెమటకి పక్క తడిసిపోతోంది. ఊరికే ఏడుపొస్తోంది. ఇదేం మగ బతుకు?"

లోపల కర్రపెండలం ఉడికిస్తున్న ఆయన భార్య రాహేలమ్మ గరిటెతోనే బయటికొచ్చింది.

"అది ఆడ బతుకులే. ముట్లుడిగాక నేనూ పడ్డాను. ఆరేళ్ళు."

"నాతో చెప్పలేదేం?"

"చెప్పాను. 'ముసలిదానికి వేషాలు' అని చాప చంకన పెట్టుకుని ఈ వసారాలోకే వచ్చి పడుకున్నావు."

ఎదురుగా కాలువలో బాతుల మంద పోతోంది. అది వంపు తిరిగేదాకా ఆయన అటే చూశాడు.

"తప్పయింది రాహేలూ."

ఆవిడ లోపలికెళ్ళి తడిగుడ్డ పిండి తెచ్చి ఆయన మెడ మీద వేసింది. "సెగ వచ్చినప్పుడు ఇలా వేసుకో. మందు మాత్రం మానకు," అంది.

మర్నాడు ఇద్దరూ పడవలో వచ్చారు.

మందు మొదలుపెట్టి ఇది నాలుగో ఏడు. మొన్న ఇదే మందుకి కొత్తగా వచ్చిన కల్లుగీత మనిషి ఆస్పత్రి బెంచీ మీద ఆయన పక్కన చేరి, సెగల సంగతి గుసగుసగా అడిగాడు.

"మీ ఆవిడని అడుగు, అంతా చెబుతుంది," అన్నాడు పాపచ్చన్. "ముందు క్షమాపణ చెప్పి, తర్వాత అడుగు."