జవజవలాడే మనిషి

మా ముత్తాత జగ్గప్ప గారు విశాఖ రేవులో ఓడలకు దుబాసీ. తాత గారికి వన్ టౌన్‌లో జనపనార గిడ్డంగులు ఉండేవి. సొంత ఇంట్లోకి తల వంచి రావాల్సి వస్తోందని ఆయన వీధి గుమ్మం పీకించి, ఎత్తైన టేకు గుమ్మం పెట్టించారు. నిటారుగా నిలబడడం నాకు వంశంతో వచ్చింది. గిడ్డంగులు మాత్రం నా దాకా రాలేదు.

నిన్న వన్ టౌన్‌లో ఒక కొట్టు ముందు తడిసిన తాళ్ల వాసన తగిలి నూకరాజు గారు గుర్తొచ్చారు. ఓడల ఏజెన్సీలో నా మొదటి పైఅధికారి ఆయన. జాలరి కుటుంబం, బానపొట్ట. తాళ్ల నిచ్చెన పట్టుకున్నారంటే ఆ పొట్ట ఎక్కడికి పోయేదో తెలియదు. రేవు బయట లంగరేసిన ఓడల్లోకి కాగితాలు పట్టుకెళ్లడం మా పని. కింద పడవ లేచి పడుతుంటుంది, ఓడ మీంచి నిచ్చెన వేలాడుతుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఎక్కలేక తిరిగొచ్చాను. రెండోసారి కూడా ఎక్కకపోతే ఉద్యోగం ఉండదని ఆఫీసులో చెప్పేశారు.

పడవవాళ్ల ముందు మోకాళ్లు వంచి నిలబడడం నాకు నామోషీ. బిగుసుకుని నిలబడితే ప్రతి కెరటానికీ తూలిపోతున్నాను.

"జెండా కర్రలాగ అలా నిలబడ్డావేటి బావూ? మడిసన్నాక జవజవలాడాల" అన్నారు నూకరాజు గారు.

పడవవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. జవజవలాడేది తీగ, పేము బెత్తం, కథల్లో ఆడపిల్ల నడుము. మా ఇంట్లో మగవాణ్ని అలా అంటే తిట్టినట్టే.

"మా తాత గారు ఎవరి ముందూ వంగలేదండీ" అన్నాను.

"మీ తాతకి కాళ్ల కింద నేలుండీది. నీకు పడవుంది" అంటూ ఆయన నా మోకాళ్ల వెనక చేత్తో తట్టారు. "కెరటం నిన్ను లేపీసినప్పుడు నిచ్చెనందుకో. మరాగొద్దు."

మోకాళ్ల బిగువు వదిలాను. పడవతో పాటు దిగాను, పడవతో పాటు లేచాను. నిచ్చెన దానంతటదే చేతికందింది. అది ఊగిన వైపు ఊగుతూ ఎక్కాను.

"అదీ! ఇప్పుడు జవజవలాడేవురా నాయినా!" అని కిందనుంచి కేక.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ మధురవాడ బస్సులో నిలబడితే నా మోకాళ్లు వాటంతటవే వదులవుతాయి. జవజవలాడడం అనే మాటను మెచ్చుకోలుగానే వాడతాను, మగవాళ్ల విషయంలో కూడా. వీపు మాత్రం నిటారుగానే ఉంది. నూకరాజు గారు దాన్ని వంచమని ఎన్నడూ అడగలేదు.

తాత గారి ఇల్లు అమ్మినప్పుడు, కొన్నవాళ్లు ఆ టేకు గుమ్మం అక్కర్లేదన్నారు. దాన్ని విడిగా అమ్మేశాం.