చుక్క మేసిన మడి

వేపనూనె డబ్బా మూత తీస్తే చాలు, మా ఇంట్లో వాళ్లంతా ముక్కులు మూసుకుని వాకిట్లోకి పోతారు. నేను మాత్రం గుండెల నిండా పీలుస్తాను. ఈ ఉదయం మా గుర్రం చుక్క చెవుల వెనక పిడుదులు కనబడితే నూనె పూస్తూ కూర్చున్నాను. సముద్రం మీద నుంచి ఉప్పుగాలి వీస్తోంది, దానితో పాటు కృష్ణపట్నం పోర్టుకు పోయే బొగ్గు లారీల దుమ్ము. ఆ మూడు వాసనలూ కలిస్తే రాహేలక్క వచ్చి పక్కన నిలబడినట్టే ఉంటుంది. "అరచేత్తో కాదమ్మే, వేళ్ల కొనలతో వెతుకు" అని నా చెయ్యి పట్టుకుని చూపించిన మనిషి ఆమె. ఆమె పోయి రెండేళ్లయింది.

రాహేలక్క గూడూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసింది. రిటైరయ్యాక చర్చికి పోయి వచ్చి హాయిగా కూర్చోవచ్చు కదా అన్నారు అందరూ. ఆమె వినలేదు. బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగి తిరిగి కుంటివైపోతే రోడ్డు మీద వదిలేసిన పొట్టి తట్టు గుర్రాలను ఒక్కొక్కటిగా తోలుకొచ్చి, తండ్రి ఇచ్చిన రెండెకరాల్లో పెట్టుకుంది. నేను చేరేనాటికి అవి ఏడు. నుదుట తెల్లమచ్చ ఉన్నదాని పేరు చుక్క. దానికి రెండు కళ్లూ కనబడవు. కంపెనీ బస్సుల్లో పోయేవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, "ఏమ్మా, గుడ్డి గుర్రానికి పళ్లు తోముతుండావా?" అని అరిచేవాళ్లు. ఆమె పని ఆపేది కాదు. "తోముతా! దానికి పళ్లుండాయి, నాకు చేతులుండాయి. నీకేంది నొప్పి?" అని అంతకంటే గట్టిగా అరిచేది.

మాది మనుబోలు దగ్గర వరి పండించే కుటుంబం. డిగ్రీ చదివి, పోర్టులో ఉద్యోగం కోసం తిరిగి చెప్పులరగదీసి, చివరికి ఈ గుర్రాల దగ్గర పనికి కుదిరాను. మొదటిరోజే రాహేలక్క నా చేతికి ఒక గంప ఇచ్చింది. ఎండెక్కేలోపు ఏడు గుర్రాల లద్దె ఎత్తి, దూరంగా ఉన్న గుంటలో వెయ్యాలి. ఒక్క పూట కూడా తప్పకూడదు. పురుగుల గుడ్లు లద్దెతో పడి, పిల్లలై గడ్డి మీదికి పాకి, ఆ గడ్డితో మళ్లీ గుర్రం కడుపులోకే పోతాయని చెప్పింది. అన్నిటికీ నెలనెలా నులిపురుగుల మందు పోసేస్తే పోలా అని మందుల షాపాయన అంటే ఆమెకు ఒళ్లు మండింది. "జబ్బు లేనిదానికి మందెందుకయ్యా? పురుగులు ఆ మందుకు అలవాటు పడితే రేపు జబ్బొచ్చినదానికి ఏం పోస్తావు?" అంది. ఆమె దగ్గర పాత మైక్రోస్కోపు ఒకటి ఉండేది. నెలకో గుర్రం వంతున లద్దె ఉప్పునీళ్లలో కలిపి, వడగట్టి, గుడ్లు లెక్కపెట్టేది. నేను నవ్వితే, "ముప్పై ఏండ్లు మనుషులది చూసినా, గుర్రాలది చూస్తే సిగ్గేంది?" అనేది.

నా మొండి బుర్రకు అదంతా ఎక్కలేదు. మా ఇంట్లో పేడ అంటే బంగారం, చిటికెడు వృథా చేస్తే మా నాయన ఊరుకోడు. తూర్పు మడిలో గడ్డి పలచగా ఉంటే నాకు చెయ్యి ఊరుకోలేదు. వానలు పడుతున్న రోజుల్లో, ఆమె చూడకుండా, పచ్చి లద్దె గుంటకు బదులు ఆ మడిలోనే చల్లాను. గడ్డి మోకాలెత్తు లేచింది. నాకెంత గర్వమో! గుడ్డిది, ఎక్కువ దూరం వెతుక్కోలేదు కదా అని చుక్కనే అందులో వదిలాను. మూడో నెలకి దాని పక్కటెముకలు బయటపడ్డాయి, మేత ముట్టడం మానేసింది. రాహేలక్క దాని కనురెప్ప పైకి తిప్పి చూసింది. లోపల రక్తం లేదు, తెల్లగా పాలిపోయి ఉంది.

"ఆ మడిలో ఏం చేసినావు?" అని అడిగింది. చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి చూడమంది. కోడిగుడ్ల ఆకారంలో చిన్నచిన్నవి, ఎటు జరిపినా అవే. "నువ్వు నాటిందే. పంట బాగానే వచ్చిండాది" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

పశువుల డాక్టరు వచ్చి చూసి, బతకడం కష్టమన్నాడు. అదే సమయానికి నన్ను ఇంటికి తీసుకుపోదామని మా నాయన వచ్చాడు. "అది ఎట్టాగూ పోయేదే గదమ్మా, ఎందుకు ఈ తిప్పలు? వదిలెయ్యండి" అన్నాడు. రాహేలక్క గడ్డికట్ట కింద పెట్టి ఆయన ముందుకొచ్చింది. "ఒకసారి వదిలేసినోళ్ల దగ్గర్నుంచే తెచ్చినానయ్యా. నేనూ వదిలేస్తే నాకూ వాళ్లకూ తేడా ఏంది?" అంది. వేపాకు పసరు పోద్దామా అని నేను గొణిగాను. "వేప పైన పురుగుకే. లోపలిదానికి డాక్టరు మందే పోస్తాం. నాకు మొండితనం ఉండాది గానీ మూర్ఖత్వం లేదు" అని, డాక్టరు చెప్పినంతే, చుక్కకు మాత్రమే పోసింది. మిగతా ఆరింటికీ పరీక్ష చేసి, అవసరం లేదని తేల్చుకుంది.

పదకొండు రోజులు తవుడు గంజి చేత్తో తాగించాం. పన్నెండో రోజు చుక్క నా చేతిలో బకెట్టును ముట్టెతో పొడిచి లాక్కుంది. రాహేలక్క నన్ను పట్టుకుని ఏడ్చింది, ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత తూర్పు మడికి కంచె కట్టి, మా నాయన బర్రెల్ని మేపడానికి తెమ్మంది. గడ్డితో పాటు మింగినా, గుర్రం పురుగు బర్రె కడుపులో బతకదట. ఏడాది పాటు ఆయన బర్రెలు తోలుకొచ్చాడు, నన్ను ఇంటికి రమ్మనడం మాత్రం మానేశాడు.

ఆమె పోయినరోజు సాయంత్రమే, ఇక ఈ ముసలి గుర్రాలను ఎవరికైనా తోలెయ్యమని సలహాలు మొదలయ్యాయి. "ఎవరికి తోలాలి? బీచికా?" అని అడిగాను. మూడు ముసలితనంతో పోయాయి, ఇప్పుడు నాలుగు మిగిలాయి. ఈ ఉదయం కూడా బస్సులోంచి ఎవడో పాత కేకే వేశాడు. చుక్క పెదవి ఎత్తి చూపించి, "తోముతా! ఇంకా పళ్లుండాయి!" అని అరిచాను. తర్వాత గంప తీసుకుని తూర్పు మడిలోకి దిగాను. మిగతా చోట్ల ఎవరు ఎత్తినా సరే, ఆ మడిలో లద్దె మాత్రం ఇన్నేళ్లుగా నేనే ఎత్తుతున్నాను, ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వను.